అడుగు ముద్ద

"ఈ పాలి కూడా కుండ సాలకపోతే ఏటి సేత్తాం మావా?"

పొయ్యి ఇంకా రాజుకోలేదు. కుండలో ఇంకా నీళ్లు పడలేదు. కొండ మీద నుంచి దిగిన మబ్బు వాకిట్లోంచి లేవనే లేదు. జరగాల్సిందేదీ మొదలే కాలేదు గాని, జరగబోయే చెడంతా కళ్లారా చూసి వచ్చినట్టు చిన్నమ్మి గడపలో గొంతుక్కూర్చుని ఆ మాట అనేసింది.

ఆమె మొగుడు ధర్మ అరుగు మీద కాలు చాపుకుని అడ్డాకులు విస్తళ్లుగా కుడుతున్నాడు. ఎండాకాలంలో జీలుగు చెట్టెక్కి కల్లు దింపుతూ జారి పడితే కాల్లో రాడ్డు వేశారు. ఈ ఏడు బురదలో కాలు పెట్టొద్దన్నారు. అందుకని వానాకాలమంతా అరుగే అతని మడి, అడ్డాకులే అతని నాట్లు.

"కుండ సంగతి తరవాత. ముందు టీకి నీళ్లు సాలతాయో లేదో సూడు," అన్నాడు.

"నీకు నవ్వులాటగా ఉన్నాది. పెద్దత్త మళ్లీ ఆకు బోర్లించి ఎల్లిపోతే రేపు మన మడిలోకి కాకి కూడా దిగదు. నారు ముదిరిపోతాంది. ఇంకో వారం పోతే అది నారు కాదు, పసువుల మేత."

అందులో అబద్ధం ఏమీ లేదు. జి.మాడుగులకు పైన, రోడ్డు ఆగిపోయిన చోట నుంచి ఇంకా కాస్త ఎక్కితే వచ్చే ఆ ఊళ్లో నాట్లకు కూలి ఇచ్చే అలవాటు లేదు. సాయం పిలుస్తారు. పిలిచిన ఇంటి మడిలోకి ఊరంతా దిగుతుంది. ఆ ఇంటివాళ్లు కడుపునిండా పెట్టాలి, అంతే. నిండిందో లేదో చెప్పే మాట మాత్రం ఊరికి పెద్దావిడది. అందరూ తిని లేచాకే ఆమె ఆకు ముందు కూర్చుంటుంది. అందరికీ వడ్డించిన కుండలోంచే, అడుగున మిగిలిందే ఆమెకు పెట్టాలి. వేరే గిన్నెలో దాచి తెచ్చిపెడితే చెల్లదు. దాన్ని అడుగు ముద్ద అంటారు. పెద్దావిడకు ముద్ద మిగిలిందంటే ఊరంతా తిన్నట్టు. ఇల్లాలు "నిండిందా?" అని అడగాలి. ఆమె అవునంటే ఊరు మర్నాడూ వస్తుంది, వచ్చే ఏడూ వస్తుంది. చిన్నమ్మి వాళ్ల మడులు గెడ్డ అనే కొండవాగు పక్కన మెట్లు మెట్లుగా ఉంటాయి. రెండు రోజుల పని. మొదటి రోజు ముద్ద మీదే రెండో రోజు నాటు ఆధారపడి ఉంది.

నిరుడు ఆ ముద్ద మిగల్లేదు.

కూతురు గాయత్రి పాడేరులో ఇంటర్ చదువుతోంది. "ఇప్పుడు సామలు, చోళ్లు ఎవులు తింటన్నారమ్మా, తెల్లన్నం పెట్టు" అంటే, నిజమే కాబోలనుకుని చిన్నమ్మి సంతలో సన్నబియ్యం కొని వండింది. తెల్లన్నం కంటికి మల్లెపూవే. బురదలో వంగిన నడుముకు మాత్రం అది గాలి. జనం తిన్నారు, మళ్లీ తిన్నారు, మూడోసారి ఆకు జరిపారు. పెద్దావిడ యర్రమ్మ కూర్చునే వేళకు గరిటె అడుగున తగిలి ఖంగుమంది. ఆ చప్పుడు చిన్నమ్మి చెవిలో ఇప్పటికీ ఉంది. యర్రమ్మ పల్లెత్తు మాట అనలేదు. ఆకు బోర్లించి లేచిపోయింది. మర్నాడు సగంమందే వచ్చారు. మిగిలిన మడులు ధర్మ ఒక్కడే వంగి నాటుకున్నాడు. అప్పుడంటే అతనికి రెండు కాళ్లూ ఉన్నాయి.

ఆ రోజు నుంచి యర్రమ్మ చిన్నమ్మితో మాట్లాడలేదు. ఆమె ధర్మకు సొంత పెద్దమ్మ. దారిలో ఎదురైతే చిన్నమ్మి "పెద్దత్తా" అనేది, ఆమె కొండ వంక చూసేది. ధర్మ చెట్టు మీంచి పడ్డప్పుడు వచ్చింది, అతని కాలు నిమిరింది, కళ్లు తుడుచుకుంది, పక్కనే నిలబడ్డ చిన్నమ్మిని గుమ్మాన్ని దాటినట్టు దాటుకుని వెళ్లిపోయింది.

"నిరుడు నువ్వు బయపడలేదు, అందుకే సాల్లేదు," అన్నాడు ధర్మ పుల్ల కొరుకుతూ. "ఈ ఏడు నెల్లాళ్ల నుంచి బయపడతన్నావు. సాలతాది. నాకు నమ్మకం."

ఎగతాళో, మెచ్చుకోలో ఆమెకు తెలియలేదు. రెండోదే అయితే దిష్టి తగులుతుందని మెటికలు విరుచుకుని లేచింది.

కొండల్లో ఇవి ఆకలి నెలలు. పాత గింజ గాదెలో అడుగంటుతుంది, కొత్త గింజ ఇంకా పాలు పోసుకోదు. సంతకు వెళ్దామంటే అమ్మడానికి ఏమీ ఉండదు, అమ్మనిదే కొనేదీ ఉండదు. అయినా చిన్నమ్మి ఇల్లు పూర్తిగా ఖాళీ అయింది అన్నవాళ్లు ఇంతవరకు లేరు. పిల్ల పుట్టిన నాటి నుంచి ఆమెకు ప్రతి మబ్బూ కరువు మబ్బే. ఎండలు బాగా కాస్తే అడవి తగలబడుతుందని, వాన బాగా పడితే కొండ జారుతుందని, ఏదీ లేకుండా ఉంటే ఏదో రాబోతోందని. ఆ భయంతో ఎక్కడికక్కడ ఇంత దాచేది. బూడిద పూసిన పనస గింజలు ఇసక కుండలో. గుమ్మడికాయలు పెంకుల మీద. సామలు మంచం కింద. నూనెగింజలు, వలిసెలు, పాత పౌడరు డబ్బాలో. పొయ్యి పైన అటక మీద పొగ పట్టిన మామిడి టెంకలు. "ఈ ఇంట్లో పిల్లికి ఎలక దొరకదు గాని, ఎలక్కి మాత్రం ఏడాదంతా పండగే" అనేవాడు ధర్మ.

ఆ టెంకలే ఈ సాయానికి అసలు బలం. చోడి పిండికి, అంటే రాగి పిండికి, తోడు టెంక లోపలి జీడి పడితే అంబలి చిక్కగా ఉంటుంది, పొట్టలో నిలబడుతుంది. అయితే టెంకంటే చిన్నమ్మికి రెండు భయాలు. ఒకటి, బూజు. కింద ఊరి నర్సమ్మ ఫ్లోరెన్స్ మొన్ననే గట్టిగా చెప్పింది, బూజు పట్టిన టెంక ప్రాణం తీస్తుందని. చెప్పకపోయినా చిన్నమ్మి ఒక్కో టెంకా పగలగొట్టి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, వెలుతురులో చూసి, ఏ మాత్రం మచ్చ ఉన్నా పెంటలో పారేసేదే. రెండోది, వగరు. జీడిని తరిగి, ఉడకబెట్టి, బుట్టలో కట్టి, మూడు రాత్రులు పారే నీళ్లలో ఉంచితే గాని ఆ వగరు పోదు. నిలవ నీళ్లు పనికిరావు, పారే నీళ్లే కావాలి. అందుకే బుట్టను గెడ్డలో రాయికి ఆనించి, తాడును ఒడ్డున చెట్టుకు కట్టి వచ్చింది. ఇవాళ తెచ్చుకోవాలి.

"గుంటా, లే. గెడ్డకెల్లాలి."

గాయత్రి దుప్పటిలోంచే అంది, "నిజంగా టెంకంబలే పెడతావేటమ్మా? మా క్లాసు గుంట వాళ్ల తమ్ముడు కూడా నాట్లకొత్తాడట. రేపు కాలేజీ అంతా పాకుతాది."

"పాకనీ. ఆకలి కంటే బేగి పాకేదేటీ లేదు. లెగు."

దారిలో రత్నాలు కలిసింది. రత్నాలు యర్రమ్మ కోడలు. అత్త మాట్లాడని ఇంటితో కోడలు రెట్టింపు మాట్లాడుతుంది. "అక్కా, రాత్రి ఆ వాన సూసినావా? మా పెంకులు ఎగిరి కింద ఊరి సర్చి గంట కొట్టొచ్చుంటాయి."

 రాత్రంతా చిన్నమ్మి చెవులు గెడ్డ దగ్గరే ఉన్నాయి.

గెడ్డ ఎర్రగా, నిండుగా, మొరుగుతూ పోతోంది. రాయి మునిగిపోయింది. ఒడ్డున చెట్టు మొదలుకు ఆమె కట్టిన తాడు మాత్రం నీళ్లలో అటూ ఇటూ కొట్టుకుంటోంది. లాగితే ఊరికే వచ్చేసింది. చివర బుట్ట లేదు. బుట్ట చెవి ఒక్కటే ఉంది.

"ఓలమ్మో!" అంది రత్నాలు, నోటి మీద చెయ్యి పెట్టుకుని.

గాయత్రి ఒడ్డున కూలబడిపోయింది. టెంకలంటే నిన్నటిదాకా సిగ్గుపడ్డ పిల్ల ఇప్పుడు వాటికోసమే ఏడుపు మొహం పెట్టింది. "అయిపోయిందమ్మా. ఇంకేటి పెడతాం?"

చిత్రమేమిటంటే చిన్నమ్మి కళ్లలో నీళ్లు లేవు. బుట్ట పోతుందని మూడు రోజుల క్రితం కడుతున్నప్పుడే ఆమె ఏడ్చేసింది. పోయిన చప్పుడు రాత్రే విన్నది. ఇప్పుడు కొత్తగా ఏడవడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. తాడు చుట్ట చుట్టి నడుముకు దోపుకుంది.

"అది రేపటి బుట్టలే," అంది.

"రేపటిదేటి?"

"ఇయ్యాల్టిది ఇంకో చోటున్నాది."

గాయత్రి నోరు తెరిచింది. రత్నాలు మాత్రం కిసుక్కున నవ్వి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెకు తెలుసు. ఊళ్లో రాత్రీ పగలూ ఆగకుండా నీళ్లు పారే చోటు గెడ్డ కాకుండా ఇంకొకటే ఉంది. కొండ ఊట నుంచి గొట్టం వేసి తెచ్చిన నీళ్ల తొట్టి. దాని మిగులు నీళ్లు సన్నగా పారేది యర్రమ్మ పెరట్లోంచే. మూడు రోజుల క్రితం యర్రమ్మ కట్టెలకు వెళ్లిన వేళ చూసి, తోడుదొంగల్లా వీళ్లిద్దరూ చేమాకుల గుబురులో రెండో బుట్ట పెట్టేశారు.

"మా అత్త సూత్తే మనిద్దర్నీ అదే నీళ్లలో నానబెడతాది," అంది రత్నాలు, దొడ్డి తడిక తప్పించుకుని దూరుతూ. "బేగి రా. ఇంట్లో లేదు. ఎక్కడికెల్లిందో."

చేమాకులు పక్కకు తప్పించి చిన్నమ్మి ఆగిపోయింది. బుట్ట ఉంది. దాని మీద పల్చటి బండరాయి ఒకటి ఉంది. పందులు మూతి పెట్టకుండా, వానకు బుట్ట లేచిపోకుండా, కొలిచి పెట్టినట్టుంది.

"నువ్వెట్టినావా?"

"నానా? నాకంత బుద్దుంటే నా పెంకులు ఎందుకు లేత్తాయి?"

"మరి మీ ఆయన?"

"ఆయనకి ఈ పెరడుందనే తెలీదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంటే పెద్దత్త చూసింది. చూసి ఎవరితోనూ అనలేదు.  చిన్నమ్మి బుద్ధి ఎప్పటిలాగే లోతైన గుంట వెతుక్కుని అందులో దూకింది. చూసింది కాబట్టి పంతం పెరిగి ఉంటుంది. నా పెరట్లో దొంగతనంగా నానబెట్టిన అంబలి నేను ముట్టనంటుంది. లేదంటే అసలు రానే రాదు. పెద్దావిడ లేని సాయం సాయమే కాదు. ఆ భయంతోనే రాయి తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుంది. వగరు పోయింది. బుట్టలో ముక్కలు మూల మూలకూ సమానంగా నానాయి. ఎవరో మధ్యలో కిందవి పైకీ, పైవి కిందికీ తిప్పారు. తను తిప్పలేదు.

ఆ మాట రత్నాలుతో కూడా అనకుండా బుట్ట నెత్తికెత్తుకుంది.

ఆ తరువాత చిన్నమ్మి నోరు ఒక దారి, చేతులు ఒక దారి. "కట్టెలు తడిగా ఉన్నాయి, రాజుకోకపోతే? డేకిసా ఒరిగిపోతే? కుక్క మూతెడితే?" అని నోరు అంటూనే ఉంది. చేతులు ఆ మాటలేవీ వినలేదు. టెంక జీడి రోట్లో మెత్తగా రుబ్బాయి. రాత్రి పులియబెట్టిన గంజిలో చోడి పిండి కలిపి, రుబ్బింది అందులో జార్చి, ఉండ కట్టకుండా తెడ్డు తిప్పాయి. అంబలి చిక్కబడి బుడగలు బరువుగా పైకి వచ్చేదాకా ఆగలేదు.

"గుంటా, వలిసెలు వేయించు. సెట్టున పేలగానే దించీ. మాడితే సేదు."

"నూనె ఎయ్యద్దా?"

"వలిసెల్లోనే ఉన్నాది నూనె. రోట్లో ఎయ్యి, అదే బయటికొత్తాది. మెతుక్కి ఆ జిడ్డు పట్టిందనుకో, మనిసి రెండు ముద్దలు తక్కువ తిన్నా ఎక్కువ తిన్నట్టుంటాది."

ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, వలిసెలు కలిపి నూరిన పచ్చడి నల్లగా మెరిసింది. ఎండు చేపలు, నెత్తళ్లు, గుప్పెడే ఉన్నాయి. కూరలో వేస్తే ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని ఆకుల్లో వెతుక్కుంటారు. అందుకని వాటిని నిప్పుల మీద కాల్చి పొడి చేసి లేత వెదురు కొమ్ముల కూరలో చల్లింది. ముక్క ఎవరికీ లేదు, వాసన అందరికీ ఉంది. వెదురు కొమ్ములు ఇంటి వెనకవే, నిన్న తరిగి ఉడికించి చేదు నీళ్లు వార్చినవే. పులుసు పల్చబడకుండా పనస గింజలు కొన్ని చిదిపి కలిపింది.

ఇక కుండ. పేరుకు కుండే గాని అది ఊరందరూ కలిసి కొన్న అల్యూమినియం డేకిసా. సాయం ఉన్న ఇంటికి ఒకరి నెత్తి మీద నుంచి ఒకరి నెత్తి మీదకు వస్తుంది. చిన్నమ్మి ముందుగా దాని అడుగున గుమ్మడికాయ తొక్కతో పాటు పెద్ద పెద్ద ముక్కలుగా కోసి పరిచింది. వాటి సందుల్లో మిగిలిన పనస గింజలన్నీ కూరింది. వాటి మీద సామలు, కోటా బియ్యం కలిపి పోసింది.

"అడుగునెందుకమ్మా? పైనెయ్యొచ్చు కదా, బాగా కనబడతాయి."

"కనబడితే అయిపోతాయి."

"అంటే?"

"అడుగంటకుండా ఉంటాదే," అంది చిన్నమ్మి. అది సగం నిజం. మిగతా సగం ఏడాది పాటు పడుకునేటప్పుడల్లా ఆ ఖంగుమన్న చప్పుడు వినగా వినగా తట్టింది. గరిటె ఎప్పుడూ పైనుంచి దిగుతుంది. మెత్తటి మెతుకు ముందు లేస్తుంది. తొక్కతో ఉన్న పెద్ద ముక్క అడుగు పట్టుకుని ఉంటుంది. ఎంత తోడినా గరిటెకు అంత త్వరగా చిక్కదు. గంజి వార్చలేదు. మెతుకులోకే ఇంకనిచ్చింది. మూత మీద అడ్డాకులు పరిచి బండ పెట్టి కట్టెలు వెనక్కి లాగింది.

జనం మడుల్లోకి దిగే వేళకు వాన తుంపరగా మారింది. యర్రమ్మ కొడుకు వరహాలు నాగలి పట్టుకుని ముందు నడిచాడు. ఆడవాళ్లు వరసగా వంగారు, పాట ఎత్తుకున్నారు. వానకు ఆకులతో అల్లిన గిడుగులు కప్పుకుని వంగిన ఆ వరస పై మడి నుంచి చూస్తే తాబేళ్లు మేస్తున్నట్టుంది. యర్రమ్మ జాడ లేదు.

పొద్దు కాస్త ఎక్కాక చిన్నమ్మి అంబలి దించింది. ఇదీ కొత్తగా నేర్చుకున్నదే. ఆకలి ముదిరాక పెడితే మనిషి కళ్లతో తింటాడు. ముదరక ముందే ఇంత లోపల పడితే మధ్యాహ్నం పొట్టతో తింటాడు.

వరహాలు డొప్ప అందుకుని వాసన చూశాడు. "టెంకంబలేటి వదినా?"

వరసంతా నడుములెత్తి చూసింది. టెంకంబలి ఎవరింట్లో వాళ్లు తలుపేసుకుని తాగేది. సాయానికి వచ్చినవాళ్లకు పెట్టడమంటే మా ఇంట్లో ఇంకేమీ లేదని దండోరా వేయించుకోవడమే. గాయత్రి తల దించుకుని గట్టు మీద గడ్డి పీకుతోంది.

"టెంకంబలే," అంది చిన్నమ్మి. "నచ్చకపోతే గెడ్డలో నీళ్లున్నాయి మరిదీ, తాగీసి రా."

వరసలో ఎవరో ఫక్కుమన్నారు. వరహాలు ఒక గుక్క తాగాడు, ఆగాడు, డొప్ప ఖాళీ చేసి మళ్లీ చాపాడు. "మా యమ్మ కాసేదిలాగే. ఎన్నాళ్లయినాదో. మా ఇంటిది కాత్తే గోడకి సున్నం ఎయ్యొచ్చు."

"గోడల్నే కాసి పొయ్యమను మరి రేపట్నుంచి నీకు!" అని మడిలోంచే అరిచింది రత్నాలు. దాంతో అందరూ నవ్వారు, డొప్పలు చేతులు మారాయి. గాయత్రి క్లాసు పిల్ల తమ్ముడు రెండుసార్లు పోయించుకోవడం గాయత్రి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ఆ నవ్వుల మధ్యలో చిన్నమ్మి తలెత్తి చూస్తే, పై గట్టు మీద గిడుగు కప్పుకుని యర్రమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె వెనకే పై వీధి వాళ్లు, నిరుడు రెండో రోజు ఎగ్గొట్టినవాళ్లు, నారు కట్టలు అందుకుంటున్నారు. చిన్నమ్మి లెక్కలో లేని నోళ్లు.

"అమ్మా, అంతమందా," అని గొణిగింది గాయత్రి.

"రానీ. సేతులు కూడా అన్ని వచ్చినాయి కదా," అంది చిన్నమ్మి. లోపల మాత్రం ఆమె కొండ దేవతనీ, కింద ఊరి ఏసునీ, ఎవరు ముందు వింటే వాళ్లని, ఒకేసారి తలుచుకుంది.

మధ్యాహ్నానికి కింది మడులన్నీ పచ్చబడ్డాయి. పనసచెట్టు కింద ధర్మ కుట్టిన ఆకులు పరిచారు. అతన్ని కూడా వరహాలు వీపు మీద మోసుకొచ్చి వేరు మీద కూర్చోబెట్టాడు. మూత తీయగానే గుమ్మడి ఆవిరి, సామల వాసన వాన చల్లదనంలో కలిసి వరసంతా పాకింది. చిన్నమ్మి గరిటె నిండుగా వేసింది. గుండ్రంగా, గుట్టగా. చేయి వెనక్కి లాగుతూ వడ్డించే ఇల్లాలిని ఆకలి ముందే పసిగడుతుందని ఆమెకు తెలుసు. పచ్చడి ఆకు మూలన పడింది, కూర పక్కన పడింది.

కాసేపు నమిలే చప్పుడే. నమలాల్సిన అన్నం అది, మింగేసేది కాదు.

రెండో విడత వేసింది. డేకిసాలో గరిటె లోతు దిగింది. కొందరు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు, "సాలు పిల్లా, నడుం వంగద్దా మళ్లీ?" అని. నిరుడు ఆ చెయ్యి ఎవరూ అడ్డం పెట్టలేదు. చిన్నమ్మికి ఆ చేతులు దేవుడి చేతుల్లా కనిపించాయి. అప్పుడే వరహాలు మూడోసారి ఆకు జరిపాడు.

గాయత్రి తల్లి చెవిలో, "అమ్మా, అడుగు కనబడతాంది. సగం ఎయ్యి," అంది.

చిన్నమ్మి నిండు గరిటే వేసింది. వేసి, "ఇంకొంచెం ఎయ్యనా మరిదీ?" అని అడిగింది కూడా. గాయత్రి కళ్లు మూసుకుంది. వరహాలు తల అడ్డంగా ఊపాడు.

వరసలు లేచాయి. చేతులు కడుక్కుని, లేచినవాళ్లు వెళ్లిపోలేదు. చుట్టూ నిలబడ్డారు.

యర్రమ్మ గిడుగు చెట్టుకు ఆనించి వచ్చి కూర్చుంది. ఆకు మీద నీళ్లు చల్లుకుంది. చిన్నమ్మి డేకిసా ఎత్తలేక, ఒక పక్కకు వంచి, గరిటె లోపలికి పెట్టింది. ఆ చప్పుడు కోసం ఊరంతా చెవులు పెట్టింది.

ఖంగుమనలేదు. మెత్తగా దిగింది. గరిటె పైకి వచ్చేసరికి దాని మీద గుమ్మడి ముక్కలు తేనె రంగులో మగ్గి ఉన్నాయి. వాటి నడుమ పనస గింజలు, పైనున్న మెతుకుల సారమంతా తాగి ఉబ్బి ఉన్నాయి. ఇంకో గరిటె. మరొకటి. ఆకు నిండింది.

"ఓలప్పా," అన్నారెవరో వెనక. "మంచిదంతా అడుగునే ఉండిపోనాదేటి!"

యర్రమ్మ ఆకు వంక చూసింది. డేకిసా వంక చూసింది. గుమ్మడి ముక్క తొక్క పట్టుకుని పైకెత్తి తిప్పి చూసింది, ఎలా కోసిందో, ఎందుకు కోసిందో ఆ కోతలోనే రాసి ఉన్నట్టు. తర్వాత తినడం మొదలుపెట్టింది. తొందర లేదు. గింజ నోట్లో వేసుకుని ముందు పళ్లతో నలిపేది. వలిసెల పచ్చడి వేలితో అద్దుకునేది. వాన మళ్లీ అందుకుంది. ఎవరూ కదల్లేదు.

ఆ వానలో రత్నాలు చిన్నమ్మి పక్కకు జరిగి చిన్నగా అడిగింది. "అక్కా, నిండిందందే అనుకో. రేపటి బుట్ట గెడ్డలో పోయింది కదా. రేపటికేటున్నాది?"

"ఉన్నాది."

"ఎక్కడ?"

"సెప్పను."

రత్నాలు నోరు కొంగుతో మూసుకుంది.

యర్రమ్మ ఆఖరి మెతుకు ఏరుకుంది. ఆకు బోర్లించలేదు. మధ్యకు మడిచింది. చిన్నమ్మి చెంబుతో ఆమె చేతుల మీద నీళ్లు పోసింది. ఏడాది తర్వాత అంత దగ్గరగా నిలబడటం అదే. పెద్దత్త చేతుల నిండా ముడతలు. ఆ ముడతల మధ్య గీతల్లో నల్లగా ఏదో మరక కనిపించింది. జీడి మరక. టెంక జీడి ముక్కల్ని నీళ్లలో తిప్పిన చేతికి అంటుకుంటే ఎంత కడిగినా నాలుగు రోజులు పోదు. చిన్నమ్మి చేతుల మీదా అదే మరక ఉంది.

చెంబు ఖాళీ అయింది. చిన్నమ్మి దాన్ని కింద పెట్టింది.

"పెద్దత్తా, నిండిందా?"

యర్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. చెట్టుకు ఆనించిన గిడుగు అందుకుని వాన నీళ్లు దులిపింది. వేరు మీద కూర్చున్న ధర్మను చూసింది, నాటిన మడులు చూసింది, నాటని మడులు చూసింది. పై వీధి వాళ్లు ఆమె మొహం చూస్తున్నారు. ధర్మ కూడా ఒక్క హాస్యమూ ఆడలేదు. చిన్నమ్మి బుద్ధి అప్పటికే పరుగు తీసింది. అనదు. ఇంక అనదు. నారు పోయినట్టే, మడి బీడు పడ్డట్టే, గుంట చదువు ఆగిపోయినట్టే.

యర్రమ్మ గిడుగు నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఉప్పు సాల్లేదే పిల్లా," అంది. "రేపు సూసి ఎయ్యి."